సున్నా దగ్గర ఇరవై ఏడు

ఆ కాగితంలో నీలవేణి పేరు మూడు చోట్ల ఉంది. సీతారామయ్య పేరు వెతికినా లేదు. సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో చిన్న గుర్తు కూడా పెట్టి మరీ ఇచ్చాడాయన, చదువురాని మనిషికి వేలిముద్ర వేసే చోటు చూపించినట్టు.

"తీరిగ్గా చదువుకో అమ్మా. శుక్రవారం సాయంత్రంలోగా ఇస్తే చాలు," అన్నాడు సీతారామయ్య.

హిందీ మాట్లాడే ఆ ఊరి శివార్లలో, మోప్కా దాటాక పొలాల మధ్య కట్టిన పరిశోధన కేంద్రానికి ఆయన డైరెక్టరు. గుంటూరు వైపు మనిషి. నీలవేణి అక్కడ అయస్కాంత పదార్థాలను కొలిచే యంత్రం దగ్గర కాంట్రాక్టు టెక్నీషియన్. ఏడేళ్ళ నుంచి ఆ యంత్రాన్ని ముట్టుకునేది ఆమె ఒక్కతే. కొలిచేది ఆమె, పేపర్లలో పేర్లు వచ్చేది వేరేవాళ్ళకి. దానికి ఆమె ఎప్పుడూ ఏడవలేదు. ఇవాళ మాత్రం ఉత్తరం రెండో పేరా దగ్గరికి వచ్చేసరికి చెవులు వేడెక్కాయి.

"ఆపరేటరునైన నేను, నీలవేణి, ప్రామాణిక నమూనాతో యంత్రాన్ని సరిచూడటం మరిచిపోయినందువల్ల ఈ ఒక్క కొలతలో తప్పు దొర్లినది. దీనికి పూర్తి బాధ్యత నాదే."

"మరిచిపోవడం ఏంటి సార్? మీరే కదా ఆపేయమన్నారు?"

"నేనా?" సీతారామయ్య కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "ఎప్పుడన్నాను? మెయిల్ ఏమైనా ఉందా?"

వెక్కిరింతగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని ఉన్నట్టు, మెత్తగా అడిగాడు. ఆ మెత్తదనానికే నీలవేణికి ఒళ్ళు మండింది.

"ఫోన్ చేసి చెప్పారు సార్. రెండేళ్ళయింది."

"నాకు గుర్తులేదమ్మా. నీ కాంట్రాక్టు ఈ నెలాఖరుకే కదా? ఫైలు నా దగ్గరే ఉంది. మనం మనం తెలుగువాళ్ళం. నీకు అన్యాయం జరగనిస్తానా?"

అసలు సంగతి ఇది. ఆ యంత్రంలో అయస్కాంతం అంటే ద్రవ హీలియంలో మునిగి ఉండే తీగ చుట్ట. అంత చలిలో ఆ తీగలో కరెంటు ఏ అడ్డూ లేకుండా తిరుగుతుంది. తెర మీద కనిపించే అయస్కాంత బలం మాత్రం ఎవరూ కొలిచింది కాదు. తీగలో ఎంత కరెంటు పంపారో చూసి యంత్రం లెక్కకట్టి చెప్పేది. ఆ బలాన్ని బాగా పైకి తీసుకెళ్ళి మళ్ళీ సున్నాకి దించితే, చుట్టల్లో కొంత అయస్కాంతం చిక్కుకుని మిగిలిపోతుంది. తెర మీద సున్నా ఉంటుంది, లోపల ఉండదు. ఖాళీ గిన్నె అనుకుని పాలు పోస్తే అడుగున నీళ్ళున్నట్టు.

దానికి మందు కూడా ఉంది. పల్లాడియం అనే లోహం ముక్క. దానికి జ్ఞాపకం లేదు. అయస్కాంతం ఎంత ఉంటే అంత చూపిస్తుంది, తీసేస్తే మరుక్షణం మరిచిపోతుంది. సున్నా దగ్గర ఆ ముక్క సున్నా చూపించలేదంటే తప్పు ముక్కది కాదు, అయస్కాంతానిది. ప్రతి శాంపిల్‌కి ముందు ముక్కని అదే వరసలో కొలిచి, వచ్చిన తేడాని లెక్కలో సరిచేయాలి. నాలుగు గంటల పని. నాలుగు గంటల హీలియం.

రెండేళ్ళ కింద, వానాకాలంలో, ఆయన ఫోన్ చేశాడు. "నీలవేణీ, ఆ పల్లాడియం కొలతలు ఆపేయమ్మా. హీలియం తగలేస్తున్నాం. మన మిషన్ బంగారం లాంటిది." మెయిల్ పెడతారా సార్ అని ఆమె అడక్కపోలేదు. "మనలో మనకి మెయిలేంటమ్మా," అని నవ్వాడు. ఆ కేంద్రంలో ఫ్యాను రెక్క మార్చాలన్నా హిందీలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి మెయిళ్ళు వస్తాయి. తెలుగులో వచ్చిన మాట ఒక్కటీ కాగితం ఎక్కలేదు.

ఆ తర్వాత ఆయన కొత్త మిశ్రలోహం ఒకటి తీసుకొచ్చాడు. కొలిస్తే గీత తలకిందులుగా వచ్చింది. పల్లాడియంతో సరిచూడలేదు సార్ అని ఆమె అంటూనే ఉంది, ఆయన కొత్త ధర్మం కనిపెట్టానని పేపరు రాసేశాడు. పట్నం పేపర్లో ఫోటో కూడా పడింది. ఇప్పుడు ఎక్కడో పరాయి దేశపు ల్యాబు నుంచి రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది: ఇది కొత్త ధర్మం కాదు, ఇలాంటి అయస్కాంతాలకున్న పాత జబ్బు. పల్లాడియంతో సరిచూశారా?

ఆడలేక మద్దెల ఓడు అన్నారు. ఇక్కడ మద్దెలని కూడా అనలేదు, దాన్ని తుడిచేదాన్ని అన్నారు.

తోర్వాలో ఇల్లు చేరేసరికి ఆరయింది. నాన్న సన్యాసిరావు వసారాలో పీట మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాడు. రైల్వేలో కేబిన్ మేన్‌గా రిటైరైన మనిషి, సిగ్నళ్ళ లివర్లు లాగి లాగి కుడి భుజం ఒక పక్కకి దిగిపోయింది.

"ఏటే, మొకం అలాగుంది?"

నీలవేణి బ్యాగు గోడకేసి కొట్టినంత పని చేసి, అంతా చెప్పింది. కాగితం, పెన్సిల్ గుర్తు, మెత్తటి మాటలు, తెలుగువాళ్ళం. మధ్యలో హిందీలో రెండు తిట్లు కూడా తిట్టింది. సన్యాసిరావు కాయలు ఒలవడం ఆపలేదు.

"ఆయన సెప్పిన మాట ఎక్కడైనా రాసినావా?"

"లేదు."

"ఏ దినం, ఎన్ని గంటలకి, అదీ రాయనేదా?"

"ఫోన్లో చెప్పాడు నాన్నా. ఇంట్లో మనిషిలాగ మాట్లాడాడు. బస్, ఆపేసినాను."

"ముప్పై నాలుగేళ్ళు లివర్లు లాగినాను నాను. స్టేషన్ మాస్టరు మా పక్కూరోడే. మా ఇంట్లో చేపల పులుసు తిని ఎల్లినోడే. అయినా సరే, డ్యూటీలో ఆడు ఆర్డరు నంబరు సెప్పకుండా, ఆ నంబరు నాను పుస్తకంలో రాయకుండా, ఒక్క లివరు ముట్టుకోనేదు. మనోడు గదా అని కాగితం తీసుకోనేదంటే, అది నీ తప్పే."

"నా తప్పా?" నీలవేణి ఒంటికాలి మీద లేచింది. "వాడు దొంగ నాన్నా."

"దొంగే. కాదన్నేదు. మరి దొంగకి తలుపు తీసినోళ్ళని ఏటంటారు?"

ఆమె ఆ రాత్రి అన్నం తినలేదు. ఆయన పిలవనూ లేదు.

బుధవారం మధ్యాహ్నం భవిత వచ్చింది. నది అవతల సర్కండా అమ్మాయి, తండ్రి బొగ్గు కంపెనీ ఆఫీసులో గుమస్తా. ఇంకో కాలేజీలో రీసెర్చి చేస్తూ, కరెంటు ప్లాంటు బూడిదలోంచి ఇనుప పొడి తీసి, దాన్ని కొలిపించుకోవడానికి ఏడాది పాటు ఇక్కడికి తిరిగింది. ఆమె పొడికి ఎంత మంచి కొలత వచ్చిందంటే, అయస్కాంతం తీసేయగానే దాదాపు ఏమీ గుర్తుపెట్టుకోదు, ఆ గుర్తుని చెరపడానికి కావాల్సిన బలం, అంటే పట్టు, రెండంటే రెండే. ట్రాన్స్‌ఫార్మర్లలో వేసే ఖరీదైన పదార్థంతో సమానమని థీసిస్ రాసేసింది. బూడిదలోంచి అలాంటిది తీసిందని వాళ్ళ గైడు పొంగిపోయాడు.

"అక్కా, సోమవారం సబ్మిషన్. సర్టిఫికెట్ మూడు కాపీలు కావాలంట, సంతకంతో. జల్దీ అక్కా, బైండింగువాడు మూడింటికి మూసేస్తాడు."

నీలవేణికి చెప్పుకోవడానికి మనిషి దొరికింది. ఒక పక్క కాపీలు ముందుకి లాక్కుంటూ, ఇంకో పక్క సీతారామయ్యని ఉతికి ఆరేసింది. ఒక తిట్టు, ఒక సంతకం, ఒక స్టాంపు. మళ్ళీ ఒక తిట్టు, ఒక సంతకం, ఒక స్టాంపు. మూడో కాపీకి ఇంకు సరిగా పడకపోతే స్టాంపుని ప్యాడు మీద గట్టిగా గుద్దింది.

"చూడు, వాడి నోటితో వాడే చెప్పి, ఇప్పుడు నన్ను మరిచిపోయానని రాయమంటాడు."

"అచ్ఛా? నువ్వెందుకు పెడతావు సంతకం? అసలు పెట్టకు అక్కా," అంది భవిత. ఆ పిల్ల కళ్ళల్లో నిజంగా కోపం ఉంది. "నిజం కానిదాని కింద సంతకం ఎలా పెడతారు ఎవరైనా?"

"అదే కదా," అంది నీలవేణి. కాపీలు ఆరాయో లేదో వేలితో చూసి ఇచ్చేసింది.

ఆ మాటతో ఆమెకి ఎక్కడలేని బలం వచ్చింది. నోటి మాటకి సాక్ష్యం లేకపోతే లేకపోయింది, యంత్రం అబద్ధం ఆడదు కదా. పల్లాడియాన్ని కొలిచి చూపిస్తే, తప్పు ఆ ఒక్క రోజుది కాదని, అయస్కాంతంలోనే ఉందని తేలిపోతుంది. ఒక్క రోజు మరిచిపోతే వచ్చిన తప్పు కాదు, రెండేళ్ళు ఆపేయిస్తే వచ్చిన తప్పు. అప్పుడు ఆపేయించింది ఎవరని అందరూ అడుగుతారు. అడక్క చస్తారా?

గురువారం పొద్దున్న ఏడింటికే ల్యాబు తాళం తీసింది. సొరుగు అడుగున పల్లాడియం సీసా ఉంది. మూత మీద దుమ్ము పేరుకుని వేలిగుర్తులు పడ్డాయి. ప్లాస్టిక్ పట్టకారతో బియ్యపుగింజంత ముక్కని తీసి, గుడ్డతో తుడిచి, కూల్‌డ్రింక్ తాగే స్ట్రాలోకి జార్చింది. కోట్ల రూపాయల యంత్రంలోకి శాంపిల్ వెళ్ళేది ఆ స్ట్రాలోనే. వచ్చినవాళ్ళందరూ నవ్వుతారు. స్ట్రాని కడ్డీ చివర బిగించి, గాలి లాగేసే తలుపు దాటించి, మెల్లగా కిందికి దించింది. ముక్క సరిగ్గా నడిమధ్యకి వచ్చిందా లేదా అని మూడుసార్లు చూసుకుంది.

అయస్కాంత బలం పైకి, ఆ చివరిదాకా. అక్కడినుంచి సున్నాకి. సున్నా దాటి అటువైపు. మళ్ళీ వెనక్కి. తెర మీద చుక్క వెనక చుక్క పడుతూ వచ్చింది. ఆమె టీ తాగలేదు, కుర్చీలోంచి లేవలేదు. పదకొండు దాటాక గీత పూర్తయింది. ఒక్క గీతగా రావాల్సిన చోట రెండు గీతలు వచ్చాయి, మధ్యలో సన్నటి సందు. తెర మీద సున్నా ఉన్నచోట పల్లాడియం చెప్పిన లెక్క ఇరవై ఏడు.

"చిక్కావు," అంది నీలవేణి పైకే. ప్రింటు తీసి, అది ఇంకా వేడిగా ఉండగానే మెట్లెక్కింది.

సీతారామయ్య ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. మనిషి ఎలాంటివాడైనా చదువుకున్నవాడు, గీత చూస్తే అర్థమవుతుంది.

"చక్కగా తీశావు. ఇరవై ఏడు. నా పేపరు తప్పే, ఒప్పుకుంటాను."

ఇంత సులువుగా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు.

"అయితే ఒక్క నా శాంపిల్‌కేనా ఈ ఇరవై ఏడు?" అని అడిగాడాయన.

ఆయన లేచి బీరువాలోంచి లావుపాటి ఫైలు తీశాడు. కాగితాలు ఒక్కొక్కటే తిప్పాడు. రెండేళ్ళలో బయటివాళ్ళకి ఇచ్చిన సర్టిఫికెట్లు, నలభై ఒకటి. ఒక కాగితం మీద వేలు పెట్టి చదివాడు.

"కొలతకు ముందు ప్రామాణిక నమూనాతో యంత్రమును సరిచూడటమైనది. కింద ఎవరి సంతకం?"

"మీరు వద్దన్నారు కదా సార్."

"సరే, అన్నాననే అనుకుందాం. నేను వద్దంటే, సరిచూడలేదు అని రాయాలి కదమ్మా? సరిచూశానని సంతకం పెట్టమని కూడా నేనే చెప్పానా?"

ఆయన చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. పాత నమూనాలో ఆ వాక్యం ముందునుంచీ ఉంది. మొదటిసారి సంతకం పెట్టేటప్పుడు చెయ్యి ఆగింది, అది ఆమెకి బాగా గుర్తుంది. రెండోసారి ఆగలేదు.

"నేను రాసిచ్చిన ఉత్తరంలో ఒక్క కొలతే తప్పు. నువ్వు తెచ్చిన ఈ కాగితం బయటపెడితే నలభై రెండు తప్పు. అందులో ఎంతమంది పిల్లల డిగ్రీలున్నాయో నాకంటే నీకే బాగా తెలుసు. నాదేముంది, పేపరు వెనక్కి తీసుకుంటాను, ఇంకో రెండేళ్ళలో రిటైరవుతాను." ఫైలు మూసి బీరువాలో పెట్టేశాడు. "రేపు సాయంత్రం వరకు టైముంది. ఆలోచించుకో."

మెట్లు దిగుతుంటే నీలవేణికి గోడకి తల బాదుకోవాలనిపించింది. ఆయన అబద్ధం చెప్పి ఉంటే ఎంత బాగుండేది. నాలుగు దులిపి వచ్చేది. ఆ లుచ్ఛా మొదటిసారి నిజం చెప్పాడు, అది కూడా ఆమె గురించే. మూడు రోజులుగా మండుతున్న మంటకి వాడొక్కడే దొరికాడు ఇన్నాళ్ళూ. ఇప్పుడు అది ఇటు తిరిగింది. తిలాపాపం తలాపిడికెడు అంటారు, తన పిడికిలి చిన్నదేమీ కాదు.

కింద కంప్యూటర్లో భవిత ఫైలు తెరిచింది. పట్టు, రెండు. లోపల చిక్కుకున్న అయస్కాంతం పట్టుని అంత మేరకు తగ్గించి చూపిస్తుంది కాబట్టి, దానికి ఇరవై ఏడు కలిపింది. ఇరవై తొమ్మిది. ట్రాన్స్‌ఫార్మరు పదార్థం లేదు, ఏమీ లేదు. ఏ బూడిదలోంచి తీసినా వచ్చే మామూలు పొడి. ఆ పిల్ల చేసిన పనిలో తప్పు లేదు. పొడి బాగా కడిగింది, బాగా ఆరబెట్టింది, నమ్మి ఇక్కడికి తెచ్చింది.

శుక్రవారం నీలవేణి సెలవు పెట్టింది. పొద్దున్నంతా ఉత్తరం టైపు చేసింది, నాలుగుసార్లు కొట్టేసి మళ్ళీ చేసింది. మధ్యాహ్నం ఆటో ఎక్కి, అర్పా నది వంతెన దాటి సర్కండాలో దిగింది. తోవలో రెండుసార్లు ఆటోని వెనక్కి తిప్పమందామనుకుంది.

భవిత తలుపు తీసి నవ్వింది. "అక్కా, నువ్వా? రా రా. చూడు, బైండింగు వచ్చేసింది." టేబుల్ మీద ఎర్ర అట్టలతో మూడు పుస్తకాలున్నాయి, బంగారు అక్షరాలతో పేరు.

నీలవేణి కూర్చోలేదు. నిలబడే చెప్పింది. ఇరవై ఏడు ఎక్కడినుంచి వచ్చిందో, రెండు ఎలా ఇరవై తొమ్మిది అవుతుందో, పల్లాడియం ప్రింటు చూపించి చెప్పింది. భవితకి ఆ చదువు తెలుసు. రెండోసారి చెప్పనక్కర్లేకపోయింది. నవ్వు ఎప్పుడు పోయిందో ఇద్దరికీ తెలియలేదు.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"నిన్న కొలిచాను."

"కొలిచింది నిన్న. తెలిసింది ఎప్పుడు?"

నీలవేణి పుస్తకాల వైపు చూసింది. "ఆపేసిన రోజే తెలుసు, ఇలా కొలవకూడదని. ఇంత తేడా ఉంటుందని తెలీదు."

"మొన్న నా ముందు కూర్చుని ఆయన్ని అంత తిట్టావే. మూడు సంతకాలు పెట్టావు. తిడుతూనే పెట్టావు."

"అప్పుడు నా గోలలో ఉన్నాను. నాకు అన్యాయం జరిగిందని..."

"మరి నాకు జరిగిందేంటి అక్కా?" భవిత గొంతు పెంచలేదు. గొంతు పెంచితే బాగుండుననిపించింది నీలవేణికి.

"ఉత్తరం రాసి తెచ్చాను. అందరికీ పంపుతాను. ముందు నీకు చూపిద్దామని వచ్చాను."

భవిత ఉత్తరం అందుకుని చదివింది. డైరెక్టరు నోటిమాటగా ఆపేయమన్న సంగతి, హీలియం సంగతి, ఇరవై ఏడు సంగతి, అన్నీ ఉన్నాయి. చదివి, టేబుల్ మీది పెన్ను తీసుకుని, మూడో పేరాలో ఒక వాక్యం కింద గీత గీసింది.

"అనుకోని కారణాల వల్ల సరిచూడటం జరగలేదు. ఏంటి ఆ అనుకోని కారణాలు?"

"అది మామూలుగా రాసేదే."

"సరిచూడలేదని తెలిసి కూడా, సరిచూశానని సంతకం పెట్టాను. ఇలా రాయి."

"అలా రాస్తే నాకు ఇంకెక్కడా ఉద్యోగం ఇవ్వరు భవితా. ఈ ఒక్క పనే వచ్చు నాకు."

"నాకు వచ్చింది కూడా ఈ ఒక్క పనే," అంది భవిత, పుస్తకాలని పక్కకి నెట్టి పెన్ను ఆమె ముందు పెట్టింది.

లోపల వంటింట్లో కుక్కరు కూస్తోంది. నీలవేణి కుర్చీ లాక్కుని కూర్చుంది. గీత గీసిన వాక్యాన్ని కొట్టేసి, భవిత చెప్పిన మాటలనే దాని పైన రాసింది. కింద సంతకం పెట్టి తేదీ వేసింది. ఫోటో తీసింది. ఫోన్లో పేర్లు ఒక్కొక్కటే వెతికి పంపడం మొదలుపెట్టింది. భవిత ఎదురుగా కూర్చుని లెక్కపెట్టింది. కొందరి దగ్గరనుంచి అప్పుడే ఫోన్లు రావడం మొదలైంది, నీలవేణి ఎత్తలేదు. నలభై మంది అయ్యాక సీతారామయ్యకి కూడా అదే పంపింది. ఆయన అడిగిన శుక్రవారం సాయంత్రానికి ఇంకా గంటన్నర ఉంది.

"నెలాఖరుదాకా ల్యాబు తాళం నా దగ్గరే ఉంటుంది," అంది లేస్తూ. "ఈలోగా తీసేసుకుంటారేమో తెలీదు. రేపు పొద్దున్న ఏడింటికి పొడి తీసుకునిరా. ముందు పల్లాడియం కొలిచి, తర్వాత నీది కొలుస్తాను. సరైన లెక్క వేసి ఇస్తాను."

భవిత అప్పటికే బ్లేడు తీసుకుని మొదటి పుస్తకం అట్ట విప్పుతోంది. దారాలు ఒక్కొక్కటే కోస్తూ, తలెత్తకుండా అంది.

"వస్తాను. కానీ నువ్వు కొలిచానంటే నమ్మను అక్కా. ముక్క స్ట్రాలో పెట్టిన దగ్గర్నుంచి, నాలుగు గంటలూ నీ పక్కనే కూర్చుని చూస్తాను."

"కూర్చో," అంది నీలవేణి.